యాజమాన్య శాస్త్రంలో ఆనర్సు పరిశోధన: ప్రతిపాదన రచన

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన పట్టభద్ర పాఠ్యప్రణాళిక ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం గాని అంతకు మించి గాని మార్కులు పొందిన విద్యార్థి, ఆసక్తి ఉన్నచో, నాలుగవ సంవత్సరంలో పరిశోధన మార్గాన్ని ఎన్నుకొనవచ్చును. ఆ సంవత్సరంలో రచించవలసిన పరిశోధన గ్రంథానికి 12 క్రెడిట్లు కేటాయింపబడినవి. నాలుగేండ్ల పట్టానికి మొత్తం 160 క్రెడిట్లు కావలెను. అంకెలలో చూచినప్పుడు ఈ గ్రంథం స్వల్పభాగంగానే కనిపించును. కాని మన వంటి కళాశాలలో చదువుకొను వారి పరిస్థితి వేరు. మూడవ సంవత్సరం ముగియగానే పట్టా పుచ్చుకొని ఏ దుకాణంలోనో, ఏ బ్యాంకు ఏజెన్సీలోనో చేరి నాలుగు రూపాయలు ఇంటికి తేగలిగిన బిడ్డను ఆ కుటుంబం మరొక సంవత్సరం చదువుకే వదలుచున్నది. ఆ సంవత్సరపు జీతమే ఈ పరిశోధనకు పెట్టుబడి. అట్టి పెట్టుబడి పెట్టి, జిరాక్సు దుకాణంలో లభించు పాత ప్రాజెక్టు రిపోర్టును పేరు మార్చి సమర్పించుట ఎవరికి లాభం?

ఆ సంవత్సరం సార్థకమగునా, వ్యర్థమగునా అన్నది గ్రంథం వ్రాయునాడు తేలదు. అంతకు ఎనిమిది మాసాల ముందు, ప్రతిపాదన వ్రాయునాడే చాలవరకు తేలిపోవును. కావున ప్రతిపాదనను ఆఫీసులో దాఖలు చేయవలసిన ఒక కాగితంగా భావించరాదు. నేను ఏ ప్రశ్న అడుగుచున్నాను, ఆ ప్రశ్న ఎవరికి అవసరం, దానికి జవాబును ఎచ్చట, ఎవరి నుండి, ఏ విధంగా సేకరింతును, నాకున్న కాలంలో అది సాధ్యమా అను విషయాలను పని మొదలుపెట్టక పూర్వమే వ్రాతపూర్వకంగా ఒప్పుకొనుటయే ప్రతిపాదన. వీటన్నిటి కంటె ముఖ్యమైనది మరొకటి కలదు. ఎట్టి జవాబు వచ్చినచో నా ఊహ తప్పని అంగీకరింతును? ఈ సంగతి ప్రతిపాదనలో లేనిచో తక్కిన పది పుటలూ అలంకారమే. ఏ జవాబు వచ్చినా తన అభిప్రాయం మారని వాడు పరిశోధన చేయనక్కరలేదు. ఉపన్యాసం ఇచ్చిన చాలును.

విషయం వేరు, ప్రశ్న వేరు

మా విద్యార్థులను ఏ అంశంపై పనిచేయుదువని అడిగినచో సాధారణంగా వచ్చు సమాధానం: "హైదరాబాదులో చిన్న వ్యాపారుల సమస్యలు, ఒక అధ్యయనం". ఇది విషయమే గాని ప్రశ్న కాదు. హైదరాబాదు ఎంత? చిన్న వ్యాపారి ఎవరు? సమస్యలనగా ఏ సమస్యలు? ఇట్టి శీర్షికతో బయలుదేరిన వాడు వంద మందిని కలిసి, పెట్టుబడి లేదనువారు ఇంతమంది, పోటీ ఎక్కువగా ఉన్నదనువారు ఇంతమంది అని పట్టికలు గీచి, చివర "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకొనవలెను" అని ముగించును. ఆ ముగింపు వ్రాయుటకు వంద మందిని కలియుట అనవసరం.

ఒక ఉదాహరణ తీసుకొందము. చార్మినారుకు పడమటి దిక్కున లాడ్ బజార్ ఉన్నది. అచ్చటి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. గాజులు తయారగునది చుట్టుపట్ల గల చిన్న కార్ఖానాలలోను, ఇండ్లలోను. ఇండ్లలో రాళ్ళు పొదుగు పని చేయువారు అనేకులు స్త్రీలు. దుకాణదారు సరుకును కొంత నగదుకు, కొంత ఉద్దెరకు తెచ్చుకొనును. మన విద్యార్థులలో కొందరి తండ్రులకు, మేనమామలకు ఈ వర్తకంతో సంబంధం ఉండుట సహజమే. ఈ బజారును గురించి ఏమి అడుగవచ్చును?

"లాడ్ బజార్‌లో ఉద్దెర వ్యాపారం" అన్నప్పుడు విషయం కొంత సన్నబడినది. కార్ఖానాదారుకు బాకీపడిన దుకాణదారు ఆ బాకీ తీరువరకు మరొకరి వద్ద సరుకు కొనుటకు సంకోచించునని బజారులో వినికిడి. ఇది నిజమైనచో ఉద్దెర అన్నది కేవలం ఆర్థిక సదుపాయం కాదు, సరఫరాదారును ఎన్నుకొను స్వేచ్ఛకు చెల్లించు మూల్యం కూడ. యాజమాన్య శాస్త్రానికి పనికివచ్చు విషయం ఇప్పుడు దొరికినది. దానిని ప్రశ్నగా మార్చినచో ఇట్లుండును: తన సరుకులో ఎక్కువ భాగాన్ని ఉద్దెరకు తెచ్చుకొను దుకాణదారు, నగదుకు తెచ్చుకొను దుకాణదారు కంటె తక్కువ కార్ఖానాలతో లావాదేవీలు జరుపుచున్నాడా?

ఈ ప్రశ్నలోని గుణం గమనింపుడు. ఇందులో కొలువదగిన చరములు రెండే: గడచిన నెలలో కొన్న సరుకులో ఉద్దెర భాగమెంత, ఆ నెలలో ఎందరి వద్ద కొన్నాడు. జవాబు "అవును" కావచ్చును, "కాదు" కావచ్చును. "కాదు" అని వచ్చినచో బజారులోని వినికిడి తప్పని తేలును; అదియు ఫలితమే. పరికల్పన తప్పిపోయినదని దుఃఖించి అంకెలను దిద్దు వారున్నారు. పరికల్పన తప్పిపోవుట విద్యార్థి వైఫల్యం కాదని గైడులు ముందుగానే చెప్పవలెను, పరీక్షకులు దానిని పాటింపవలెను.

అయితే ఇంతటితో ప్రశ్న పూర్తికాలేదు. ఉద్దెరకు కొనువారు తక్కువ మందితో వ్యవహరించుచున్నారని తేలినదనుకొందము. దానికి ఉద్దెరయే కారణమా? చిన్న దుకాణం వాని వద్ద నగదు ఉండదు కనుక ఉద్దెరకు కొనును; అమ్మకం స్వల్పం కనుక ఒకరిద్దరి వద్దనే కొనును. ఈ రెండింటికీ దుకాణం చిన్నదగుటయే కారణం కావచ్చును. కావున దుకాణం పరిమాణాన్ని కూడ కొలిచి, చిన్న దుకాణాలను చిన్న దుకాణాలతో, పెద్దవాటిని పెద్దవాటితో పోల్చవలెను. పరిమాణాన్ని ఎట్లు కొలుచుట? అమ్మకమెంత అని అడిగినచో పన్నుల శాఖ వాడేమో అని దుకాణదారు అనుమానించును. షట్టర్లు ఎన్ని, జీతానికి పనిచేయువారు ఎందరు అను రెండు లెక్కలు కంటికి కనిపించునవి. వాటికి ఎవరి అనుమతియు, ఎవరి జ్ఞాపకశక్తియు అవసరం లేదు.

కాకినాడకు రాజమండ్రి ఎందుకు?

పోల్చుట అన్న ఈ సూత్రాన్ని గ్రహించుటకు మన తెలుగునాటనే జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధన కలదు. హార్వర్డు విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ 1961లో తన "ది అచీవింగ్ సొసైటీ" గ్రంథంలో, ఒక సమాజపు ఆర్థికాభివృద్ధికి ఆ ప్రజలలోని సాధనాకాంక్ష ఒక ముఖ్య కారణమని ప్రతిపాదించినాడు. ఆ ఆకాంక్షను శిక్షణచే పెంపొందింపవచ్చునా అన్నది తదుపరి ప్రశ్న. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ (అప్పటి వ్యవహారంలో సియెట్, 2007 నుండి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ) సహకారంతో 1964లో కాకినాడ వ్యాపారులను బృందాలుగా పిలిపించి సుమారు పది దినాల శిక్షణ ఇచ్చిరి. ఆ ఫలితాలు మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలసి వ్రాసిన గ్రంథంలో 1969లో వెలువడినవి.

శిక్షణ పొందిన వ్యాపారులు తరువాతి కాలంలో ఎక్కువ చురుకుగా వ్యాపారం సాగించిరని వారి నిర్ధారణ. మనకు ఇచ్చట కావలసినది ఆ నిర్ధారణ కంటె దానిని చేరుకొన్న మార్గం. కాకినాడ వ్యాపారులను మాత్రమే చూచినచో, ఆ యేడు పంటలు బాగుగా పండినందున, లేక ఋణాలు సులభంగా దొరకినందున వ్యాపారం పెరిగినదేమో అన్న అనుమానానికి జవాబు ఉండదు. కనుకనే అదే గోదావరి ప్రాంతంలో, ఇంచుమించు అట్టిదే అయిన రాజమండ్రిని పోలికకు ఎన్నుకొనిరి. పంటలు పండినచో రెండు పట్టణాలకూ పండును. శిక్షణ మాత్రం ఒక పట్టణానికే. రెండవ విశేషం, వారు "మీలో ఉత్సాహం పెరిగినదా?" అని అడిగి ఊరుకొనలేదు. కొత్త పెట్టుబడి పెట్టిరా, పనివారిని పెంచిరా, వ్యాపారానికి ఎంత కాలం వెచ్చించుచున్నారు అని ఆచరణను కొలిచిరి. శిక్షణ ఇచ్చిన వారి ఎదుట ఉత్సాహం పెరగలేదని చెప్పు మర్యాద తెలియనివాడు మన దేశంలో అరుదు గదా!

ఈ పరిశోధనను కూడ ప్రశ్నింపవచ్చును, ప్రశ్నింపవలెను. పది దినాలు దుకాణం వదలి హైదరాబాదుకు రాగలిగినవాడు అప్పటికే కొంత చురుకైనవాడు కాడా? ఇట్టి ప్రశ్న వేయగలిగిన విద్యార్థి, "మెక్లెలాండ్ ఇట్లనెను, హెర్జ్‌బర్గ్ అట్లనెను" అని పది పుటలు నింపిన వాని కంటె పూర్వ పరిశోధనలను బాగుగా చదివినట్లు లెక్క.

సమీప కాలపు ఉదాహరణ మరొకటి. నికొలస్ బ్లూమ్, అతని సహచరులు బొంబాయి పరిసరాలలోని 17 వస్త్ర సంస్థలకు చెందిన 28 మిల్లులలో జరిపిన ప్రయోగం 2013లో ప్రచురితమైనది. కొన్ని మిల్లులకు నెలల తరబడి యాజమాన్య సలహాదారుల సహాయం అందించి, మరికొన్నింటిని పోలికకు ఉంచిరి. సహాయం పొందిన మిల్లులలో మొదటి సంవత్సరంలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగినదని వారు చూపిరి. 28 మిల్లులే; అయినను పోలిక సరియైనది, కొలత నిశితమైనది కనుక ప్రపంచమంతటను ఆ పరిశోధనను చదువుచున్నారు.

384 అను సంఖ్య

ఇది మన ప్రతిపాదనలను పట్టిన ఒక జాడ్యాన్ని ప్రస్తావించుటకు తగిన చోటు. "నమూనా పరిమాణం 384" అని వ్రాయనిదే ప్రతిపాదన ఆమోదం పొందదని ఒక నమ్మకం వ్యాపించినది. ఈ సంఖ్య 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనువారు ప్రకటించిన పట్టిక ద్వారా ప్రచారమైనది. 95 శాతం విశ్వసనీయతతో, 5 శాతానికి మించని దోషంతో ఒక నిష్పత్తిని అంచనా వేయుటకు, జనాభా లక్షలలో ఉన్నప్పుడు, అంతమంది కావలెనని దాని తాత్పర్యం. అదే పట్టికలో జనాభా 200 అయినచో 132 మంది, 100 అయినచో 80 మంది చాలునని ఉన్నది. నూరు దుకాణాలున్న బజారులో 384 మంది ఎక్కడ నుండి వత్తురు?

అంతకంటె పెద్ద విషయం, ఈ లెక్క యాదృచ్ఛిక నమూనాకు మాత్రమే వర్తించును. అనగా మొదట దుకాణాల పూర్తి జాబితా ఉండవలెను, అందులో ప్రతి దుకాణానికీ ఎంపికయగు అవకాశం సమానంగా ఉండవలెను. స్నేహితుల వాట్సాప్ బృందాలకు గూగుల్ ఫారం పంపి 384 జవాబులు సంపాదించిన వాడు ఆ సంఖ్యను ఉదహరించుటకు అర్హుడు కాడు. మన ఉదాహరణలో చేయవలసినది సులభమే. ఒక ఉదయం బజారు ఈ చివర నుండి ఆ చివర వరకు నడచి, ప్రతి గాజుల దుకాణానికి ఒక సంఖ్య ఇచ్చి, షట్టర్లను లెక్కించి జాబితా వ్రాసుకొనవలెను. ఈ పనిని ప్రతిపాదనకు ముందే చేసినచో ఇంకను మంచిది. కమిటీ ఎదుట "సుమారు" అను మాట లేకుండ మాట్లాడవచ్చును. జాబితాలో నూరు దుకాణాలే ఉన్నచో నమూనా తీయక అన్నింటికీ పోవచ్చును.

ఫలితాలను విశ్లేషించు పద్ధతిని గురించియు ఒక మాట. ఈనాడు కంప్యూటరు మీట నొక్కినంతనే ఎంతటి క్లిష్టమైన సమీకరణమైనను తయారగుచున్నది. కాని పై ప్రశ్నకు చిన్న దుకాణాలకొకటి, పెద్ద దుకాణాలకొకటి రెండు పట్టికలు, వాటిపై ఒక కై-వర్గ పరీక్ష చాలును. తాను చేతితో వివరింపలేని పద్ధతిని విద్యార్థి ప్రతిపాదనలో వ్రాయరాదు. మౌఖిక పరీక్షలో దాని ఫలితం చాలమంది చూచియే యున్నారు.

రెండు భాషల కళాశాల

ప్రశ్నావళి రచనలో మన విద్యార్థులకు ఇతరులకు లేని సౌకర్యం ఒకటి ఉన్నది. దానిని ఎవరును ఉపయోగించుకొనుట లేదు. బజారులో మాట్లాడునది ఉర్దూ. సరుకు కొన వచ్చువారిలోను, జిల్లాల నుండి వచ్చు చిల్లర వర్తకులలోను అనేకులు మాట్లాడునది తెలుగు. ప్రశ్నావళి మాత్రం ఇంగ్లీషులో అచ్చగును. విద్యార్థి దానిని దుకాణదారు ఎదుట నిలబడి అప్పటికప్పుడు నోటికి వచ్చినట్లు తర్జుమా చేయును. ఒకనాడు ఒక విధంగా, మరునాడు మరొక విధంగా అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులను ఒకే వరుసలో కూడుట ఎట్లు?

దీనికి పరిష్కారం ప్రతి-అనువాదం. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వ్రాసిన వ్యాసం వలన ఈ పద్ధతి పరిశోధకులలో బాగుగా వ్యాపించినది. ఒకరు ప్రశ్నను ఉర్దూలోకి అనువదింతురు. మూల ప్రశ్నను చూడని మరొకరు ఆ ఉర్దూను తిరిగి మొదటి భాషలోకి మార్తురు. రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచినచో అర్థం ఎచ్చట జారినదో కనిపించును. మన కళాశాలలో ఒకే బెంచీపై ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు కూర్చొందురు. ఇతర కళాశాలలు డబ్బిచ్చి చేయించుకొనవలసిన పని ఇచ్చట ఒక కప్పు చాయతో జరిగిపోవును.

అర్థం జారుట అన్నది ఊహామాత్రం కాదు. తెలుగులో "నమ్మకం" అన్న ఒకే మాటకు ఉర్దూ వర్తకుడు "భరోసా" అని ఒక చోట, "ఎతబార్" అని మరొక చోట అనును. మనిషిపై ఆధారపడుట ఒకటి. అతని మాట చెల్లునని ఎంచుట మరొకటి. తెలుగులోని "పరపతి" అన్న మాటకు అప్పు అనియు, పలుకుబడి అనియు రెండర్థాలున్నవి. బజారులో "సాఖ్" అన్నప్పుడు ఆ రెండును కలసియే వినిపించును. తెలంగాణలోని "ఉద్దెర" ఉర్దూ "ఉధార్" యొక్క దగ్గరి చుట్టమే. కోస్తా ప్రాంతం నుండి వచ్చిన వర్తకుడు "అరువు" అనును. "మీ సరఫరాదారునిపై మీకు నమ్మకం కలదా? 1 నుండి 5 వరకు గుర్తింపుడు" అన్న ప్రశ్న ఇన్ని అర్థాల మధ్య ఏమగునో ఊహించుకొనవచ్చును. 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రవేశపెట్టిన ఈ మెట్ల కొలత ఉపయోగకరమైనదే. కాని మెట్లు ఎన్ని ఉన్నను, వాక్యం ఒకరికి ఒక విధంగా, ఇంకొకరికి ఇంకొక విధంగా అర్థమగుచున్నచో ఫలితం సున్న.

వడ్డీని గురించిన ప్రశ్న ఇంకను సున్నితమైనది. వడ్డీని ధర్మవిరుద్ధంగా భావించు వర్తకుని "నెలకు ఎంత వడ్డీ చెల్లించుచున్నారు?" అని అడిగినచో అతడు నొచ్చుకొనును, లేక "లేదు" అని ముగించును. నగదు ధర, ఉద్దెర ధర వేరువేరుగా ఉన్నవా అని అడిగినచో నిస్సంకోచంగా చెప్పును. అర్థశాస్త్ర దృష్టిలో కావలసిన సమాచారం అందులోనే ఉన్నది. అయితే దానిని తెచ్చి గ్రంథంలో "వడ్డీ" అని పేరు పెట్టుట న్యాయం కాదు. అతడు ధరలోని భేదమని చెప్పినాడు, మనమును అట్లే వ్రాయవలెను. ధరలోని భేదం ధర్మసమ్మతమా, కాదా అన్న చర్చ ధర్మశాస్త్ర పండితులది. యాజమాన్య శాస్త్ర విద్యార్థి అందులోకి దిగనక్కరలేదు.

అనుమతిని గురించియు ఇచ్చటనే చెప్పవలసియున్నది. ఎందుకు అడుగుచున్నామో చెప్పవలెను. ఇష్టం లేనిచో నిరాకరింపవచ్చునని చెప్పవలెను. పేరు, ఫోను నంబరు గ్రంథంలోనికి రారాదు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చినది. చట్టం సంగతి అటుంచినను, ఎవరు ఎవరికి బాకీ ఉన్నాడో బయటపడిన నాడు ఆ దుకాణదారు పరువు, బహుశా ఆ వర్తకమే పోవును. మన విద్యార్థి ఆ వీధిలోనే నివసించును. బయటి నుండి వచ్చిన పరిశోధకునకు లేని బాధ్యత అతనికి ఉన్నది.

విద్యార్థినులకు ఒక ప్రత్యేక సూచన. ఇండ్లలో రాళ్ళు పొదుగు స్త్రీల వద్దకు పురుష పరిశోధకుడు పోలేడు. వారికి లభించు కూలి, పని గంటలు, సరుకు ఎవరి ద్వారా వచ్చును, ఎవరి ద్వారా పోవును అను విషయాలను వారి నోటనే విని వ్రాయగలిగినవారు మీరే. బజారును గురించిన వ్యాసాలలో దుకాణదారు గొంతు వినిపించినంతగా ఈ స్త్రీల గొంతు వినిపించదు. నాలుగవ సంవత్సరంలో ప్రవేశించు విద్యార్థినులలో ఒకరిద్దరైనను దీనిని చేపట్టినచో బాగుండును.

పూర్వ పరిశోధనలు, నిర్వచనాలు

ఈ భాగాన్ని త్వరగా ముగింతును, ఎందుకనగా దీనిని గురించి పాఠ్యపుస్తకాలు చాలినంత చెప్పినవి. అయిదు వ్యాసాలను పూర్తిగా చదివి, ఒక్కొక్కటి ఏమి అడిగినది, ఎవరిని అడిగినది, ఏది వదలినది అని వ్రాసినచో అది యాభై పేర్ల జాబితా కంటె మేలు. ఈనాడు కృత్రిమ మేధ యంత్రాలు అడిగినంతనే పూర్వ పరిశోధనల అధ్యాయాన్ని వ్రాసి యిచ్చుచున్నవి. అవి కొన్ని పర్యాయాలు లేని రచయితలను, లేని పత్రికలను సైతం సృష్టించుచున్నవి. చేతిలో పట్టుకొని చదవని వ్యాసం పేరు ప్రతిపాదనలో ఉండరాదు. గ్రంథచౌర్యమును గురించి 2018లో గ్రాంట్ల సంఘం చేసిన నిబంధనలను గ్రంథాలయంలో ఒకసారి చూచుకొనుట క్షేమం.

నిర్వచనాలకు తేదీ వేయుట మరువరాదు. "సూక్ష్మ పరిశ్రమ" అన్న మాటనే తీసికొనుడు. 2020 జూలై నుండి అమలులోనున్న నిర్వచనం ప్రకారం పెట్టుబడి 1 కోటి, టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటరాదు. 2025 ఏప్రిల్ 1 నుండి ఆ హద్దులు 2.5 కోట్లకు, 10 కోట్లకు పెరిగినవి. 2024 నాటి లెక్కలను, 2026 నాటి లెక్కలను ప్రక్కన పెట్టి "సూక్ష్మ పరిశ్రమలు పెరిగినవి" అని వ్రాసినవాడు పెరిగినది పరిశ్రమయా, హద్దా అని చెప్పలేడు.

కాలపట్టిక

ప్రతిపాదన చివర ఉండు కాలపట్టికను అందరును ఒకరిది చూచి ఒకరు నింపుదురు: మొదటి నెల గ్రంథ పఠనం, రెండవ నెల ప్రశ్నావళి, మూడవ నెల సమాచార సేకరణ. లాడ్ బజార్‌కు ఈ పట్టికతో పోయినచో ఏమగును? ఆ మూడవ నెల రంజాన్ అయినచో దుకాణదారుకు మాట్లాడుటకు తీరిక ఉండదు. ఉన్నను ఆ నెల కొనుగోళ్ళు సంవత్సరమంతటికీ ప్రాతినిధ్యం వహింపవు. ముహర్రం నెలలో ముస్లిముల ఇండ్లలో వివాహాలు అరుదు. ఆషాఢంలో తెలుగువారి ఇండ్లలో పెండ్లిండ్లుండవు. గాజుల వ్యాపారం పెండ్లిండ్లను బట్టి నడచును. చాంద్రమాన హిజ్రీ సంవత్సరం ఆంగ్ల సంవత్సరం కంటె దాదాపు 11 దినాలు తక్కువ కనుక రంజాన్ ఏటేటా ముందుకు జరుగును; పోయిన ఏటి విద్యార్థి పట్టిక ఈ ఏటికి పనికిరాదు. రెండు పంచాంగాలను ప్రక్కన పెట్టుకొని, బజారు మరీ రద్దీగాను, మరీ నిర్మానుష్యంగాను లేని ఆరు వారాలను గుర్తించి, ఆ వారాల చుట్టు తక్కిన పనిని అమర్చుకొనవలెను. సమాచార సేకరణకు ముందు పది దుకాణాలలో ప్రశ్నావళిని పరీక్షించుటకు ఒక వారం వేరుగా ఉంచవలెను. ఆ పది దుకాణాలు మరొక బజారులోనివైనచో మేలు.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. ప్రస్తుతం అనేక కళాశాలలలో ప్రతిపాదన గైడు సంతకంతో ఆఫీసు ఫైలులోనికి పోవును. దానికి బదులు సెమిస్టరు మొదట రెండు మధ్యాహ్నాలు కేటాయించి, ప్రతి విద్యార్థిని పది నిముషాలు మాట్లాడనిచ్చి, అధ్యాపకులతో పాటు జూనియర్లను కూడ ప్రశ్నలడుగనిచ్చినచో ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం. వీలైనచో బజారుకు చెందిన ఒక వర్తకుని కూడ ఆహ్వానింపవలెను. "ఇట్లు అడిగినచో ఎవడును చెప్పడు బాబూ" అని ఆయన అను ఒక్క మాట ఒక సెమిస్టరు శ్రమను కాపాడగలదు. ఆమోదించిన ప్రతిపాదనలను గ్రంథాలయంలో ఉంచినచో తరువాతి బ్యాచి వారు జిరాక్సు దుకాణానికి బదులు అచ్చటికి వత్తురు.

ఇక శీర్షిక. దానిని అందరును మొదట వ్రాయుదురు. అన్నింటి చివర వ్రాయుట మంచిది. మన ఉదాహరణకు ప్రశ్న, చోటు, కాలం, పోలిక అన్నియు నిర్ణయమైన తరువాత శీర్షిక దానంతట అదే వచ్చును: "లాడ్ బజార్ లక్క గాజుల దుకాణాలలో ఉద్దెర కొనుగోళ్ళు, సరఫరాదారుల సంఖ్య: చిన్న, పెద్ద దుకాణాల పోలిక". వినుటకు ఇంపుగా లేదు. గైడు దీనికి "ఒక విశ్లేషణాత్మక అధ్యయనం" అని చేర్చుమనవచ్చును, చేర్చనక్కరలేదు.